ఇసుకదారిలో టైరు గాలి

అరేబియా ద్వీపకల్పపు దక్షిణభాగమున రుబ్ అల్ ఖాలీ అను మహా ఎడారి ఉన్నది. సౌదీ అరేబియా, ఒమన్, యెమెన్, సంయుక్త అరబ్ ఎమిరేట్లు అను నాలుగు దేశములలో అది వ్యాపించియున్నది. కొన్నిచోట్ల ఇసుకతిన్నెలు 250 మీటర్ల ఎత్తువరకు లేచియుండును. నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందునట్టి మోటారుబండ్లలో ఈ ఎడారి అంచులకు పోవుట దుబాయి, అబూధాబీ నగరవాసులకు సెలవుదినపు వినోదము. అచ్చట ఉద్యోగములు చేయు తెలుగువారు వేలకొలది కలరు. వారిలో ఈ సవారీకి పోయినవారు ఒక వింతను చూచియుందురు. తారురోడ్డు ముగిసి ఇసుక మొదలగుచోట బండ్లన్నియు ఆగును. డ్రైవర్లు దిగి నాలుగు టైర్లలోను సగమునకు పైగా గాలిని బుస్సుమని వదలివేయుదురు. సాయంత్రము తిరిగివచ్చి అదేచోట మరల గాలి నింపుకొందురు. డబ్బిచ్చి నింపిన గాలిని తీయనేల? తీసినదానిని మరల నింపనేల?

మొదటి ప్రశ్నకు జవాబు పీడనము అను మాటలోనే ఉన్నది. బరువును అది మోపబడిన వైశాల్యముచే భాగించినచో వచ్చునదే పీడనము. ఒక బండి బరువు 2,400 కిలోలు, ఒక్కొక్క చక్రముపై 600 కిలోలు అనుకొందము. పంక్చరు షాపులో "35 కొట్టు" అన్నచో చదరపు అంగుళమునకు 35 పౌండ్ల పీడనమని అర్థము. అది చదరపు సెంటీమీటరునకు సుమారు 2.46 కిలోలు. టైరు మెత్తని సంచి వంటిదైనచో, లోపలి గాలి ఎంత ఒత్తుచున్నదో నేలయు అంతే ఎదురొత్తవలెను. కావున 600 కిలోలను మోయుటకు సుమారు 244 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలకు ఆనవలెను. గాలిని 15 పౌండ్లకు తగ్గించినచో ఈ వైశాల్యము సుమారు 570 చదరపు సెంటీమీటర్లగును. బండి బరువు మారలేదు. మారినదెల్లయు ఇసుకపై దాని ఒత్తిడియే.

మన పల్లెలలో ఇనుప పట్టా వేసిన చెక్కచక్రపు బండి ఏటి ఇసుకలో దిగబడుటయు, టైరుబండి సులువుగా దాటిపోవుటయు పెద్దలెరుగుదురు. ఒంటె పాదము మోపినప్పుడు అడుగుభాగము పళ్ళెము వలె విచ్చుకొనుటలో ఉన్న కిటుకు కూడ ఇదియే. అయితే గాలి తీసిన టైరు వెడల్పుగా పరచుకొనునని చాలమంది అనుకొందురు. వెడల్పు పెరుగుట స్వల్పము. ఆను ప్రదేశము ముఖ్యముగా పొడుగున పెరుగును. ఇది మేలే. ఇసుకరేణువులకు ఒకదానినొకటి అంటుకొను గుణము లేదు; అవి రాపిడిచేతనే నిలుచును. దిగబడిన చక్రము తన ముందు ఇసుకగట్టును తానే చేసికొని, దానిని తానే ఎక్కుచు పోవలెను. ఎంత లోతు దిగినచో అంత ఎక్కుడు. పొడుగైన అడుగుగల టైరు ఇసుకను త్రవ్వక, త్రొక్కి గట్టిపరచి దానిపై సాగిపోవును.

ఈ సంగతిని ఎడారిలో శ్రద్ధగా పరీక్షించినవారిలో ప్రసిద్ధుడు రాల్ఫ్ బాగ్నోల్డ్ అను ఆంగ్ల సైనికాధికారి. 1930 ప్రాంతమున ఆయన, ఆయన మిత్రులు ఫోర్డ్ మోడల్-ఎ కార్లలో ఈజిప్టు, లిబియా దేశముల మధ్యనున్న మహా ఇసుకసముద్రములో ప్రయాణించిరి. టైర్లలో గాలి తగ్గించుట, వేగముతో తిన్నెలెక్కుట, బండి దిగబడినప్పుడు చక్రముల క్రింద ఇనుపరేకులు పరచుట వారి పద్ధతులు. ఆ అనుభవముతోనే 1940లో ఆయన బ్రిటిషు సైన్యమునకు ఒక ఎడారి దళమును ఏర్పరచెను. గాలికి ఇసుక ఎట్లు కదలునో, తిన్నెలెట్లు ఏర్పడునో వివరించు ఆయన గ్రంథము 1941లో వెలువడినది. భూగోళ శాస్త్రజ్ఞులు నేటికిని దానిని చదువుచున్నారు. కార్లతో వినోదముగా తిరిగినవాడు ఒక శాస్త్రశాఖకు పునాది వేయుట తరచుగా జరుగు పని కాదు.

ఇక రెండవ ప్రశ్న. ఇసుక దాటిన పిమ్మట మరల గాలి నింపనిచో ఏమగును? టైరు తిరుగుచున్నప్పుడు నేలకానిన భాగము నలిగి, పైకి పోయినప్పుడు మరల సాగును. రబ్బరు పరిపూర్ణమైన స్థితిస్థాపక పదార్థము కాదు. నలుపుటకు పట్టిన శక్తిలో కొంత ఉష్ణముగా మారును. గాలి తక్కువైనకొలది టైరు ప్రక్కగోడ ఎక్కువగా వంగును. ఇసుకలో నెమ్మదిగా పోవునపుడు ఈ వేడి ఆరిపోవుటకు వ్యవధి ఉండును. 15 పౌండ్ల గాలితోనే రోడ్డెక్కి గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోయినచో చక్రము సెకనుకు సుమారు 11 మార్లు తిరుగును. ప్రక్కగోడ అన్నిమార్లును నలుగుచునే ఉండును. రబ్బరు పొరలు వేడెక్కి విడిపోవును, టైరు పగులును, బండి బోల్తాపడును. గాలి తీయుట నేర్చినవాడు నింపు సాధనము లేక ఎడారికి పోరాదనుటకు కారణమిదియే.

తక్కువ గాలివలని ప్రమాదము ఎడారికే పరిమితము కాదు. అమెరికాలో టైరు పొరలు విడి అనేకులు మరణించిన పిమ్మట 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిచెను. టైర్ల నిర్మాణలోపముతో పాటు, బండికి నిర్ణయించిన గాలి పీడనము తక్కువగుటయు అప్పటి చర్చలో ప్రధానాంశమైనది. పీడనము పడిపోయినచో డ్రైవరునకు దీపముతో తెలుపు పరికరమును క్రొత్తబండ్లకు అచ్చట తప్పనిసరి చేయుటకు ఆ ఉదంతమే దారితీసినది.

సాధనమును ఎన్నుకొనుటకు ముందు ఎంత గాలి కావలెనో లెక్కించుకొనవలెను. పెద్ద జీపు టైరులో 70 లీటర్ల చోటున్నదనుకొందము. 15 పౌండ్లనుండి 35కు పెంచుట అనగా 20 పౌండ్లు కలుపుట. వాతావరణ పీడనము 14.7 పౌండ్లు కనుక ఇది 1.36 వాతావరణములు. బాయిలు నియమము ప్రకారము, బయటి గాలిని 70 × 1.36, అనగా సుమారు 95 లీటర్లు, లోనికి త్రోయవలెను. నాలుగు టైర్లకు 380 లీటర్లు.

ఒక్కొక్క త్రొక్కుడునకు పావు లీటరు పంపునట్టి కాలిపంపుతో ఈ పని చేయబూనినచో లెక్కకే 1,520 త్రొక్కుళ్ళు. నిజమునకు ఇంకను ఎక్కువే. పంపు అడుగున పిస్టను చేరలేని కొద్ది ఖాళీ ఉండును. అందులో మిగిలిన గాలి, పిస్టను పైకి వచ్చునప్పుడు వ్యాకోచించి, క్రొత్తగాలి రాకుండ కొంత చోటాక్రమించును. టైరులో పీడనము పెరిగినకొలది ఈ నష్టము పెరుగును. సైకిలు టైరు చివరిదశలో పంపు కొట్టుట కష్టమగుటయే కాక ప్రయోజనము కూడ తగ్గుట ఇందుచేతనే. 45 డిగ్రీల ఎండలో నాలుగు జీపు టైర్లకు కాలిపంపు నమ్ముకొనుట శిక్షయే. అయినను వైరు, ఫ్యూజు, బ్యాటరీ ఏవియు అక్కరలేని ఈ పంపును అదనపు రక్షణగా బండిలో ఉంచుకొనుట మంచిది.

ఎక్కువమంది వాడునది బండి 12 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న కంప్రెసరు. వీనిలో రెండు రకములు కలవు. మొదటిది సిగరెట్టు లైటరు రంధ్రములో గ్రుచ్చునది. ఆ రంధ్రపు ఫ్యూజు సాధారణముగా 10 నుండి 20 ఆంపియర్లు. 10 ఆంపియర్లనగా 120 వాట్లు. అంతకు మించిన పని దానినుండి ఆశింపరాదు. రెండవది మందమైన తీగలతో, పట్టుకొక్కెములతో నేరుగా బ్యాటరీకి తగిలించునది. 30 ఆంపియర్లు తీసికొన్నచో దాని శక్తి 360 వాట్లు. ఇంజను నడచుచుండగా దీనిని వాడవలెను.

పెట్టెపై "నిమిషమునకు ఇన్ని లీటర్లు" అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. అది తరచుగా గొట్టము చివర తెరచియుంచి, ఎదురు పీడనము లేకుండ కొలిచిన సంఖ్య. ఖాళీ వీధిలో పరుగెత్తినవాని వేగమును సంతలో ఆశించుట వంటిది. కొనువాడు అడుగవలసినది, తన టైరును 15నుండి 35కు తెచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టునని. 4 నిమిషములైనచో అది నిమిషమునకు 24 లీటర్లు నిజముగా పంపుచున్నది. నాలుగు టైర్లకు 16 నిమిషములు. 10 నిమిషములైనచో నాలుగింటికి 40 నిమిషములు. పైగా విరామము.

ఈ విరామమెందుకు? సైకిలు పంపు అడుగుభాగము చేతికి వేడిగా తగులుట విద్యార్థులెరుగుదురు. రాపిడి కొంత కారణమే కాని ముఖ్యకారణము గాలిని నొక్కుటయే. 27 డిగ్రీల సెంటిగ్రేడు గాలిని, వేడి బయటికి పోవుటకు వ్యవధి లేకుండ, 35 పౌండ్ల టైరులోనికి పోవునంతగా నొక్కినచో సిద్ధాంతము ప్రకారము దాని ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటును. బయటిగాలియే 45 డిగ్రీలైనచో సుమారు 177 డిగ్రీలు. ఇందుచేతనే పిస్టను వలయములు కాలును, గొట్టపు కీళ్ళు మెత్తబడును, మోటారు ఆగును. కంప్రెసరు ఎంతసేపు నడచి ఎంతసేపు ఆగవలెనో తయారుచేసినవారు నిర్ణయింతురు. మూడింట ఒక పాలు అన్నచో 10 నిమిషములు నడచి 20 నిమిషములు చల్లారవలెనన్నమాట. లోహపు రెక్కలు గల పెద్ద సిలిండరు, వేడి మించినచో తనంతట ఆగు స్విచ్చి ఉన్న యంత్రమునకు కొంత ఎక్కువ ధర ఇచ్చుట దండుగ కాదు.

కొందరు కర్బన ద్విఆమ్లజనిద వాయువును ద్రవరూపమున నింపిన సిలిండరును తీసికొనిపోవుదురు. ఒక కిలో ద్రవము సాధారణ పీడనమున సుమారు 550 లీటర్ల వాయువగును. 4.5 కిలోల సిలిండరుతో మన జీపు నాలుగు టైర్లను ఆరుమార్లు నింపవచ్చును. అదియు క్షణములలో. కాని ఈ వాయువునకు 31 డిగ్రీలపైన ద్రవరూపము లేదు. ఎండలో నిలిపిన బండిలో సిలిండరు పీడనము చాల హెచ్చును. కనుక అది నీడలో, కదలకుండ కట్టబడి, రక్షక కవాటముతో ఉండవలెను. మూసిన బండిలో కారినచో ఊపిరికి ప్రమాదము. పైగా ఎడారి నడుమ ఖాళీ అయినచో మరల నింపువారుండరు. ఆక్సిజను సిలిండరుతో టైరు నింపుట మాత్రము ఎన్నడును చేయరాదు. రబ్బరు, నూనె అందులో భగ్గున మండును.

వీనికి మించినది బండిలోనే ఏర్పాటు చేసిన వ్యవస్థ. 1942లో అమెరికా సైన్యము వాడుకలోనికి తెచ్చిన డక్ అను నీటిలోను నేలపైను నడచు ట్రక్కులో డ్రైవరు కూర్చున్నచోటినుండియే టైర్ల గాలిని హెచ్చించుటకును తగ్గించుటకును వీలుండెను. సముద్రమునుండి ఇసుకతీరమెక్కి రోడ్డు చేరవలసిన బండికి అది అవసరమే. సెలవునాటి సవారీకి అంత ఖర్చు అనవసరము. బ్యాటరీకి తగిలించు కంప్రెసరు, విడిగా ఒక మంచి పీడనమాపకము చాలునని నా అభిప్రాయము.

మాపకము విడిగా ఎందుకన్నచో, కంప్రెసరు నడచుచున్నప్పుడు దాని ముల్లు గొట్టములోని పీడనమును చూపును. గాలి ప్రవహించుటకు గొట్టములో టైరుకన్న ఎక్కువ పీడనముండవలెను గదా! ఆపి చూచినప్పుడే నిజము తెలియును. ఉష్ణోగ్రతను కూడ మరువరాదు. ఉదయము 20 డిగ్రీలవద్ద 15 పౌండ్లకు సరిచేసిన టైరు మధ్యాహ్నము 45 డిగ్రీలకు చేరినచో సుమారు 17.5 పౌండ్లు చూపును. ఈ లెక్క చేయునప్పుడు 15ను కాక, 14.7 కలిపి 29.7ను తీసికొనవలెను, ఉష్ణోగ్రతను పరమమానములో వ్రాయవలెను. విద్యార్థులు తరచు తప్పునది ఇచ్చటనే. గాలి మరీ తగ్గించుటయు మంచిది కాదు. 10 పౌండ్లకు దిగువన బండిని చటుక్కున మలపినచో టైరు అంచు చక్రమునుండి ఊడిరావచ్చును. ఒకసారి ఊడినదానిని మరల బిగించుటకు ఒక్కుమ్మడిగా చాల గాలి కావలెను. చిన్న కంప్రెసరునకది సాధ్యము కాదు.

తరగతిలో దీనిని సైకిలుతో పరీక్షింపవచ్చును. ముందు చక్రపు టైరునకు కొద్దిగా సిరా పూసి, గళ్ళకాగితముపై దింపి, ఒక విద్యార్థిని సైకిలుపై కూర్చుండబెట్టవలెను. కాగితముపై పడిన ముద్రలోని గళ్ళు లెక్కించినచో ఆనిన వైశాల్యము తెలియును. ముందు చక్రము క్రింద బరువు తూచు యంత్రమును, వెనుక చక్రము క్రింద అంతే ఎత్తుగల ఇటుకలను ఉంచి, చక్రముపై పడు బరువు చూడవలెను. గాలి కొంత తీసి మరల ముద్ర తీయవలెను. ముద్ర పొడుగున పెరుగుట స్పష్టముగా కనబడును. బరువును వైశాల్యముచే భాగించినచో వచ్చు సంఖ్య, మాపకము చూపిన పీడనముతో సరిగా కలియదు. గాలి తగ్గినకొలది తేడా హెచ్చును. బరువులో కొంత భాగమును టైరు గోడ తన బిరుసుదనముచేతనే మోయుచున్నది.