బిగ్‌ఫుట్ వేటకు పోతున్నారా? ఈ సామాన్లు సర్దుకోండి!

ముందే ఒక సంగతి చెప్పేస్తా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల బిగ్‌ఫుట్ లేదు. కానీ దాన్ని పట్టుకుంటామని కట్టెలు తీసుకుని బయల్దేరే బ్యాచ్ మాత్రం ఊరూరా రెడీగా ఉంది. రాత్రి పదింటికి గ్రూపులో ఒక మసక వీడియో పడుతుంది. 'చెరువు కట్ట మీద నల్లగా ఏదో తిరుగుతుందిరా, రెండు కాళ్ల మీద నడుస్తుంది' అని వెనకాలే వాయిస్ మెసేజ్. పదిన్నరకు దుబాయ్‌లో ఉన్న అన్న కూడా 'జర పైలం తమ్మీ' అంటాడు. పదకొండుకు బైకులు స్టార్ట్!

మాది కోరుట్ల. ఇలాంటి గ్రూపులు నా ఫోన్‌లో నాలుగున్నాయి. వద్దంటే ఎవరూ ఆగరని తెలుసు. అందుకే పోయేముందు ఏం పట్టుకుపోవాలో, ఏం ఇంట్లో పెట్టి పోవాలో చెబుతున్నా.

ముందు శత్రువు గురించి కొంచెం

'బిగ్‌ఫుట్' అన్న పేరు పాపులర్ అయింది 1958లో. అమెరికాలో, కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పని చేసేవాళ్లకు ఇంత పొడుగు పాదముద్రలు కనిపించాయి. పేపర్లో వచ్చింది, దేశమంతా పాకింది. ఆ పనుల కాంట్రాక్టర్ రే వాలెస్ 2002లో చనిపోయాక, ఆయన ఇంటివాళ్లు చెక్కతో చేసిన పెద్ద పాదాలను బయటపెట్టారు. అదంతా ఆయన చేసిన తమాషా అని చెప్పారు. అంటే 44 ఏళ్లు నడిచిన ప్రాంక్! మన రీల్స్ బ్యాచ్ దండం పెట్టాల్సిన మనిషి.

మన దేశం కూడా తక్కువ తినలేదు. 2019 ఏప్రిల్‌లో భారత సైన్యమే మకాలు బేస్ క్యాంపు దగ్గర యతి పాదముద్రలు కనిపించాయని ట్వీట్ చేసింది. సైజు 32 అంగుళాల పొడుగు, 15 అంగుళాల వెడల్పు. నెటిజన్లు ఆడుకున్నారు. దానికి రెండేళ్ల ముందే, 2017లో, శాస్త్రవేత్తలు యతివని దాచుకున్న ఎముకలు, చర్మం, వెంట్రుకల్లాంటి తొమ్మిది నమూనాలకు డీఎన్‌ఏ పరీక్ష చేశారు. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అని తేలింది.

ఎలుగుబంటి అనగానే మనం లేచి కూర్చోవాలి. ఎందుకంటే బిగ్‌ఫుట్ లేకున్నా, గుడ్డేలుగు మనకుంది. కొండగట్టు గుట్టల వైపు అది తిరగడం కొత్త కాదు. 2023 ఆగస్టులో ఒకటి ఏకంగా కరీంనగర్ శివారుకే వచ్చింది. అటవీ సిబ్బంది మత్తు ఇచ్చి పట్టుకున్నారు. దాని వెనక కాలి ముద్ర చూస్తే మనిషి పాదమే అనుకుంటారు. ముందు కాలి ముద్ర మీదే వెనక కాలు పడితే, రెండూ కలిసి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మీ చెరువు కట్ట బిగ్‌ఫుట్ సగం ఇక్కడే దొరికిపోయాడు.

ఇక సామాన్ల లిస్టు

1. మంచి బ్యాటరీ లైట్: ఫోన్ టార్చ్ కాదు. దాంతో గుట్టల్లోకి పోతే కాలు కింద గుంత కూడా కనిపించదు. వేటగాళ్లలో చాలామందిని బిగ్‌ఫుట్ ఏం చేయదు, మూత లేని బావే చూసుకుంటుంది. 2021 జనవరిలో సిరిసిల్ల జిల్లా బోయిన్‌పల్లి మండలంలో చిరుతే వ్యవసాయ బావిలో పడింది. చీకట్లో చూడగలిగే చిరుత పరిస్థితే అది. ఇక చెప్పులేసుకుని, రీల్ తీసుకుంటూ నడిచే మన సంగతేంది?

2. కట్టె: పట్టుకోండి. కొట్టడానికి కాదు, నేల మీద టకటకా కొట్టుకుంటూ నడవడానికి. ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది కానీ, చూపు, వినికిడి అంతంతే. మనం దగ్గరికి పోయేదాకా దానికి తెలియదు. తెలిశాక బెదిరి మీద పడుతుంది, అదీ ముఖం మీదికి. కాబట్టి చప్పుడు చేయండి, మాట్లాడుకోండి, పాత పాటలు పాడుకోండి. మీ గొంతు బాగా లేకపోతే ఇంకా మంచిది.

3. బూట్లు: పరుగెత్తడానికి అనుకుంటున్నారా? వద్దు. ఎలుగు మనకంటే జోరుగా ఉరుకుతుంది. చెట్టెక్కుదాం అనుకుంటే అది మనకంటే బాగా ఎక్కుతుంది. ఇప్పపూల కోసం, తేనె కోసం రోజూ చేసే పనే అది. బూట్లు ముళ్లకు, పాములకు మాత్రమే. ఎలుగు కనిపిస్తే వెనక్కి తిరగకుండా, మెల్లగా దూరం జరగండి.

4. టేపు, ఫోన్: పాదముద్ర కనిపిస్తే పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. టేపు లేకపోతే పది రూపాయల నోటు పెట్టండి. ముద్రకు ముందు గోళ్ల గీతలు పొడుగ్గా ఉన్నాయా చూడండి. ఉంటే ఎలుగు. గుండ్రంగా ఉండి గోళ్లే కనిపించకపోతే చిరుత కావచ్చు. పారగాన్ చెప్పు గుర్తు ఉంటే మీ బావే.

5. బీట్ ఆఫీసర్ నంబర్: ఈ లిస్టులో అసలు ఆయుధం ఇదే. మీ ఊరి అటవీ సిబ్బంది నంబర్ పగలే తెలుసుకుని సేవ్ చేసుకోండి. అది దొరక్కపోతే 112 ఉంది. మత్తు ఇచ్చే తుపాకీ, వల, బోను వాళ్ల దగ్గర ఉంటాయి. మన దగ్గర ఉండేది ఉత్సాహం ఒక్కటే.

ఇంట్లో పెట్టి పోవాల్సినవి

తుపాకీ, నాటు బాంబు, ఉచ్చు, కరెంటు తీగ. ఈ నాలుగింటి దగ్గర జోకులు ఆపుతా. అడవి పందుల కోసం మక్క చేను చుట్టూ కరెంటు తీగ పెడుతుంటారు. ఆ తీగకు పందికీ మనిషికీ తేడా తెలియదు. పక్క చేను రైతు, చేపలకు పోయిన పిల్లగాడు, కొన్నిసార్లు తీగ పెట్టిన మనిషే దానికి బలైపోతాడు.

చట్టం కూడా తమాషాగా తీసుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి, చిరుత మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వేటాడితే కనీసం మూడేళ్లు, ఎక్కువైతే ఏడేళ్లు జైలు. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, తరమడం, చివరికి ప్రయత్నించడం కూడా చట్టం లెక్కలో వేటే. అమెరికావాళ్లయితే లేని జంతువుకు కూడా రక్షణ ఇచ్చారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీలో 1969లోనే బిగ్‌ఫుట్‌ను చంపడం నేరమని రాసుకున్నారు. ఎందుకో తెలుసా? బిగ్‌ఫుట్ మీద ప్రేమ ఒక్కటే కాదు. తుపాకులతో అడవిలో తిరిగేవాళ్లు వెంట్రుకలు ఎక్కువున్న మనిషిని చూసి కాల్చేస్తారేమోనన్న భయం కూడా.

మన బిగ్‌ఫుట్ కూలి 500

ఆ భయం మనకూ ఉండాలి. మన పక్కనే సిద్దిపేట జిల్లా కోహెడలో 2022లో ఒక రైతు, కోతులు, అడవి పందుల బాధ పడలేక, ఒక మనిషికి ఎలుగుబంటి డ్రెస్ వేయించి చేను చుట్టూ తిప్పాడు. కూలి రోజుకు 500 రూపాయలు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో చెరకు రైతులు కూడా 2023లో చందాలేసుకుని 4 వేలకు ఎలుగు డ్రెస్ కొన్నారు. హిమాలయాల్లో ఎలుగు యతి అయింది, మన దగ్గర మనిషి ఎలుగు అయ్యాడు.

ఇప్పుడు ఆలోచించండి. పొద్దుగూకే వేళ, నల్లటి బొచ్చుతో, రెండు కాళ్ల మీద, మక్క చేను గట్టున నడిచేది ఎవరు? వీడియోలో బిగ్‌ఫుట్. దగ్గరికి పోతే, ఎండలో బొచ్చు డ్రెస్ వేసుకుని చెమటతో తడిసిన కూలి మనిషి. పది మంది కట్టెలతో చుట్టుముడితే ఆయన డ్రెస్ తీసి ముఖం చూపించేదాకా ఆగుతారా?

ఆయన ఒక్కడే కాదు. సిరిసిల్లలో రాత్రి డ్యూటీ దిగి, సాంచాల చప్పుడు చెవుల్లోనే పెట్టుకుని నడిచొచ్చే కార్మికుడు. జగిత్యాల మామిడి తోటలో గొంగడి కప్పుకుని తిరిగే కావలి తాత. కోరుట్లలో తెల్లవారుజామున బస్సు దిగి, రెండు బ్యాగులు భుజానేసుకుని సందులోకొచ్చే గల్ఫ్ అన్న. మసక వీడియోలో ముగ్గురూ బిగ్‌ఫుట్‌లే.

ఇది ఊహ కాదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతుందని మన ఫోన్లలో మెసేజులు పాకాయి. ముఠా లేదు, కానీ గుంపులు ఉన్నాయి. తెలంగాణలో అమాయకులు ఆ దెబ్బలకు చనిపోయారు. అప్పట్లో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, వచ్చిన మెసేజ్‌నల్లా నమ్మొద్దని చెప్పించారు. ఫోన్‌లో పుట్టిన పుకారును డప్పుతో కొట్టాల్సి వచ్చింది.

కాబట్టి వేటకు పోయే ముందు ఆఖరి పని ఒకటుంది. ఆ వీడియో ఎవరు తీశారు, ఏ ఊరిది, ఎప్పటిది అని గ్రూపులో అడగండి. మూడు ప్రశ్నలకు జవాబు రాకపోతే ఫార్వర్డ్ చేయకండి, బైకు తీయకండి. వచ్చినా సరే, బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి చెప్పి పడుకోండి. తెల్లారి చేను దగ్గరికి పోయినప్పుడు, గట్టు మీద బొచ్చు డ్రెస్ వేసుకున్నాయన కనిపిస్తే ఒక చాయ్ ఇప్పించండి. సెల్ఫీ అడగొచ్చు. వద్దనడు.