ఎండకు బిగిసే తబలా, భయానికి ఎండే గొంతు

కర్నూలు, కడప పల్లెల్లో జాతరకో శివరాత్రి జాగరణకో డ్రామా వేయాలనుకుంటే నెలల ముందే హార్మోనియం మోత మొదలవుతుంది. పగలంతా సేద్యం చేసిన మనిషి రాత్రి మేస్టరు ఎదుట కూర్చుని కృష్ణుడి పద్యాలు వల్లె వేస్తాడు. కిరీటం అద్దెకొస్తుంది, మైకు సెట్టు దిగుతుంది, ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంటుంది. తీరా తెర తీశాక రెండో పద్యంలోనే గొంతు శ్రుతి దాటిపోతుంది. ముందు వరసలో నవ్వులు. ఆ నవ్వుకు మళ్లీ వేషం కట్టనివాళ్లుంటారు. అలా ఒక గొంతు ఆగిపోవడం ఊరికి నష్టమే. వేదిక మీద తలవంపులు తెచ్చే పొరపాట్లలో చాలావాటికి కారణం చేతకానితనం కాదు. ఎండ, భయం, మైకు.

ఈ నేలకు రంగస్థలం కొత్తది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు ‘కీచకవధ’ ఆడారు. తోలుబొమ్మలాట నుంచి వచ్చిన ఆ వంశమే సురభి నాటక సమాజాలుగా విస్తరించింది. సురభి పిల్లలు తెర వెనకే పుట్టి పెరిగినట్టు లెక్క. ఊరి డ్రామా కళాకారుడికి ఆ భాగ్యం లేదు, ఏడాదికి ఒకటి రెండు రాత్రులే అతనివి.

ఎండ సంగతే ముందు చూడాలి. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. అన్నమయ్య జయంతి పడేదీ ఆ వైశాఖంలోనే. తాళ్లపాకలో కీర్తనలు పాడేందుకు వచ్చే బృందాలకు ఈ వేడి తప్పదు. గాలిలో తడి లేకపోతే తబలా, మృదంగాల మీది తోలు తేమ పోగొట్టుకుని బిగుస్తుంది. నాదం పైకి పోతుంది. హార్మోనియంలో ఉండేవి లోహపు రీడ్లు, అవి దాదాపు ఉన్నచోటే ఉంటాయి. సాయంత్రం సరిగ్గా కలిపిన తబలా తెల్లవారుజాము చల్లదనానికి మళ్లీ వదులవుతుంది. రాత్రంతా సాగే డ్రామాలో ఈ తేడా మెల్లమెల్లగా పెరుగుతుంటే పాడేవాడు దేన్ని పట్టుకోవాలి? మృదంగం ఎడమ మూతకు అంటించే తడి రవ్వముద్ద కూడా ఎండకు త్వరగా బిరుసెక్కి రాలిపోతుంది, దాంతో మంద్రనాదం పలచబడుతుంది. డప్పు కళాకారులు మధ్యమధ్యలో మంట దగ్గర డప్పు కాచుకునేది తోలు గుణం తెలిసే. వీణకు మరో చిక్కు: దాని మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి.

డ్రామాలో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక్కో పాత్రధారిది ఒక్కో శ్రుతి. హార్మోనిస్టు చెయ్యి జరిపి క్షణంలో సర్దుకోగలడు, తబలా అంత వేగంగా మారదు.

ఇక భయం. జనాన్ని చూడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, నోట్లో తడారిపోతుంది. గొంతు కండరాలు బిగుసుకోవడంతో పద్యం అనుకున్నదానికన్నా పై స్థాయిలో ఎత్తుకుంటారు, కాలం పరుగెడుతుంది. కంఠస్థం చేసిన మాటలు జారిపోయేది కూడా ఈ కంగారులోనే. ఇది అనుభవం లేనివాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. 2016 డిసెంబరులో స్టాక్‌హోమ్ నోబెల్ సభలో బాబ్ డిలాన్ పాట పాడుతూ పేరున్న గాయని పాటీ స్మిత్ మాటలు మరిచిపోయారు. క్షమించమని అడిగి, కంగారుగా ఉందని చెప్పి, మళ్లీ అందుకున్నారు. సభ చప్పట్లు కొట్టింది. మన దగ్గర పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని అందించే మనిషి ఉంటాడు. అతణ్ణి పెట్టుకోవడాన్ని చిన్నతనంగా చూడకూడదు.

మూడోది మైకు. అది కీచుమనడానికి కారణం తేలికే. స్పీకరులోంచి వచ్చిన శబ్దాన్ని మైకు మళ్లీ పట్టుకుంటే, ఆ శబ్దం యాంప్లిఫయరులో తిరిగి తిరిగి పెద్దదవుతుంది. స్పీకర్లను మైకుకన్నా ముందుకు, జనం వైపు తిప్పి పెడితే చాలావరకు పోతుంది. కానీ మైకు సెట్టు పొద్దుగూకాక వస్తుంది, కమిటీ పెద్దల ఉపన్యాసాలు అయ్యాక కళాకారుడు నేరుగా వేదిక ఎక్కుతాడు. శ్రుతి సరిచూసుకునే సమయమే దొరకదు. ఉపన్యాసాల్లోంచి అరగంట తగ్గించి హార్మోనిస్టుకూ తబలా వాయించేవాడికీ ఇవ్వాలి. వేషగాళ్లు నిండు మైకులో రెండు పద్యాలు పాడి చూసుకోవాలి. బాగా పాడితే ‘వన్స్ మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకునే జనమే ఎదురుగా ఉంటారు, వాళ్ల కోసమైనా కమిటీలు ఈ పని చేయాలి.