బెల్లం చాయ్ తాగితే రక్తం పడుతదా? మా సంచి మీద మాట నేనే కొట్టేసిన

పైన వీడియోలో మా అమ్మ కట్టెల పొయ్యి మీద బెల్లం చాయ్ పెడుతున్నది చూశారు కదా. వీడియో చిన్నది, చాయ్ మరిగేంత సేపే. అందులో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నా.

ముందుగాల నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. బోధన్ దగ్గర మా పొలంలో ప్రకృతి పద్ధతిలో చెరుకు వేసి, బెల్లం వండించి, నిజామాబాద్ టౌన్‌లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు సంచి మీద ఒక లైను అచ్చు వేయించిన: "రోజూ బెల్లం చాయ్ తాగండి, రక్తం పెంచుకోండి." నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అందరూ అంటారు కదా అని వేసేసిన. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ణి, మట్టి పరీక్ష చేయించకుండా ఏదీ వేయొద్దని పది మందికి చెప్పేటోణ్ణి. ఈ మాటకు మాత్రం ఏ పరీక్షా పెట్టలేదు.

మా అమ్మ ముప్పై ఏండ్ల నుంచి బీడీలు చేస్తది. మన జిల్లాలో ఇంటికొకరు బీడీలు చేసే ఊర్లు ఎన్నో మీకు తెలుసు. లెక్క పూర్తి కావాలంటే చాట ముందు నుంచి లేవడానికి ఉండదు. ఆకలైతే చాయ్. నడుం గుంజితే చాయ్. పొద్దుగాల అన్నం బదులు కూడా చాయే. పోయినేడు కండ్లు తిరిగి పడిపోతే ఖలీల్‌వాడికి తీసుకపోయినం. హిమోగ్లోబిన్ ఎనిమిది మీద కొంచెం ఉంది. ఐరన్ గోళీలు రాసిచ్చారు. మూడు నెలలు మింగింది, అయినా పెద్దగా పెరగలేదు. మళ్లీ పోయినప్పుడు డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "గోళీ దేంతోని వేసుకుంటున్నవమ్మా?"

"చాయ్‌తోని" అన్నది మా అమ్మ. అది కూడా మా బెల్లం చాయ్. కొడుకు సంచి మీద రాసిండు కదా మరి.

అసలు సంగతి ఏందంటే, చాయ్‌పత్తిలో వగరు ఉంటది చూడండి, నాలుక మీద పట్టుకున్నట్టు అనిపించేది, ఆ వగరు పదార్థాలే ఐరన్‌ను పట్టేసుకుంటాయి. అట్లా పట్టుకున్న ఐరన్‌ను పేగులు లోపలికి తీసుకోలేవు. ఆకుకూర, పప్పు, రాగుల నుంచి వచ్చే ఐరన్ మీద ఈ దెబ్బ ఎక్కువ. భోజనంతో పాటు గట్టి చాయ్ తాగితే ఒంటికి పట్టే ఐరన్ సగం కంటే ఎక్కువే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మాంసంలో ఉండే ఐరన్ మీద ఈ ప్రభావం తక్కువ. గోళీ మీద మాత్రం ఉంటది.

బెల్లంలో ఐరన్ ఉంది కదా అంటారు. ఉంది. వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములు అనుకోండి. ఒక కప్పు చాయ్‌లో మనం వేసేది పది గ్రాములు. అంటే అర మిల్లీగ్రాము. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. ఆ అర మిల్లీగ్రామును కూడా తీసుకపోయి, ఐరన్‌ను పట్టేసే చాయ్‌లోనే కలుపుతున్నం! నా సంచి మీది లైను రెండు దిక్కులా తప్పే.

ఇది మా ఇంటి ముచ్చట ఒక్కటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి చాయ్ ఒక్కటే కారణమని నేను అనను. సరైన తిండి లేకపోవడం, కాన్పులు, కడుపులో నులిపురుగులు, ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ గోళీ ఇచ్చి, దాన్ని చాయ్‌తో మింగితే ఏమైతదో చెప్పకపోతే ఆ గోళీ ఎందుకు ఇచ్చినట్టు?

మరి చాయ్ మానేయాలా? అక్కర లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మాట సూటిగా ఉంది: భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దు. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దు. 150 మిల్లీలీటర్ల కప్పు చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాబట్టి మూడు నాలుగు కప్పుల వరకు కెఫీన్ భయం లేదు. గర్భిణీలు మాత్రం అంతకంటే బాగా తగ్గించుకోవాలి.

మంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందిని పదకొండేండ్ల పాటు గమనించిన పరిశోధన 2022లో వచ్చింది. రోజుకు రెండు, అంతకంటే ఎక్కువ కప్పుల నల్ల చాయ్‌పత్తి చాయ్ తాగేవాళ్లలో చనిపోయే ముప్పు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. పాలు కలిపినా అదే ఫలితం. చాయ్‌లోని ఫ్లేవనాయిడ్లు రక్తనాళాలకు మేలు చేస్తాయని అనుకుంటున్నారు. అయితే ఇది గమనించి చెప్పిన లెక్క. చాయ్ వల్లనే ఆయుష్షు పెరిగిందని దీంతో రుజువైనట్టు కాదు. ఇంకొకటి, వాళ్ల చాయ్ మన చాయ్ లెక్క పాలల్ల గంట సేపు మరిగి, రెండు చెంచాల చక్కెర పోసుకున్నది కాదు.

చక్కెర అంటే బోధన్ వాళ్లం, మనకు కొంచెం పట్టింపు ఎక్కువ. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన ఊరు, శక్కర్‌నగర్ అని పేరే పెట్టుకున్న జాగా. నిజాంసాగర్ కాల్వ కింద చెరుకే చెరుకు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. నాలాంటోళ్లు బెల్లం వైపు వచ్చింది కూడా అందుకే. ఆ బెల్లం అమ్మి బతికేటోణ్ణి అయినా చెప్తున్నా: షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం మందు కాదు. చక్కెరకూ బెల్లానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు, రక్తంలో షుగర్‌ను రెండూ పెంచుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే అదనంగా కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. కప్పుకు పది గ్రాములతో నాలుగు చాయ్‌లు తాగితే నలభై. గాంధీ చౌక్ దగ్గర దుకాణాల్లో ఈ మాట చెప్పినందుకు నలుగురైదుగురు కొనేవాళ్లు తగ్గారు. తగ్గనీ.

బెల్లంలో మంచి వేరే ఉంది: రుచి, వాసన, రసాయనం లేకుండా వండితే ఆ శుభ్రత. పసుపు పచ్చగా మెరిసే బెల్లం చూసి మోసపోకండి, హైడ్రోస్ వేస్తే అట్లా వస్తది. మేము బెండ మొక్కల జిగురుతో మడ్డి తీస్తం, అందుకే మాది ముదురు గోధుమ రంగు. చాయ్‌లో వేసేటప్పుడు పొయ్యి ఆపి, దింపినాక కలపండి. మరిగే పాలల్ల వేస్తే విరిగిపోతయి. వీడియోలో ఒక గంజు అట్లనే పాడైంది, అది కోసెయ్యలేదు, చూడండి.

చాయ్‌పత్తి కల్తీ చూసుకోవడం సులువు. తెల్లటి ఫిల్టర్ పేపర్ మీద పత్తి చల్లి, నీళ్లు చిలకరించి తడపాలి. తర్వాత కడిగి వెలుతురుకు పెట్టి చూడండి. రంగు మరకలు మిగిలితే ఆ పత్తి వద్దు. కాగితం కప్పులు కూడా తగ్గించండి. వేడి ద్రవం పావుగంట ఉంటే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ ముక్కలు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు లెక్క కట్టారు. కైకిలోళ్లకు చాయ్ పంపేటప్పుడు మేము స్టీలు గ్లాసులే పంపుతున్నం. పొగలు కక్కుతుండగానే తాగేవాళ్లు కొంచెం ఆగండి. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని 2016లోనే హెచ్చరించారు.

ఇప్పుడు మా అమ్మ చాయ్ పదకొండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. పొద్దుగాల ముందు జొన్నరొట్టె, పప్పు. గోళీ రాత్రి, నిమ్మకాయ నీళ్లతోని, ఎందుకంటే పులుపు ఐరన్ పట్టడానికి సాయం చేస్తది. డాక్టరమ్మ చెప్పినట్టు నులిపురుగుల గోళీ కూడా వేసింది. రెండు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే పది దాటింది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను.

పాత సంచులు ఇంకా ఆరు వందల దాకా ఉన్నాయి. పారేయడానికి మనసు ఒప్పలేదు. సాయంత్రం బీడీల పని అయినాక అమ్మనే కూర్చుని ఆ లైను మీద తెల్ల స్టిక్కర్ అంటిస్తున్నది. మీకు వచ్చిన సంచి మీద స్టిక్కర్ ఊడిపోయి కింద ఏమన్నా కనిపిస్తే, అది చదవకండి.