లెక్కలు రాని కులం లేదు

జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి దసరా సెలవుల దాకా రెండో తరగతి పిల్లలు గణితంలో నేర్వవలసినవి వేళ్ళ మీద లెక్కించదగినన్నే. 99 వరకు సంఖ్యలు చదవడం, రాయడం. పది పుల్లలను ఒక కట్టగా కట్టి పదులు, ఒకట్ల స్థాన విలువను గ్రహించడం. రెండంకెల కూడికలు, తీసివేతలు. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా నేను గమనించినంతలో పిల్లల చదువు నిలదొక్కుకునేదీ, జారిపోయేదీ ఇక్కడే. దీనిని మనం బోధనా పద్ధతుల సమస్యగా మాత్రమే చర్చిస్తున్నాం. ఇది కులం ప్రశ్న కూడా.

43 నుంచి 17 తీసివేయాలి. 3లో నుంచి 7 పోదు. కనుక నాలుగు పదుల కట్టల్లో ఒకదానిని విప్పి ఒకట్లలో కలపాలి. 13లో 7 పోతే 6, మిగిలిన మూడు పదుల్లో ఒకటి పోతే రెండు, జవాబు 26. కట్ట విప్పడం తన చేతులతో చేసి చూడని పిల్ల, పెద్ద అంకెలో నుంచి చిన్న అంకెను తీసి 34 అని రాస్తుంది. ఆ 34 మందబుద్ధికి గుర్తు కాదు, అందకుండా పోయిన పాఠానికి గుర్తు. తర్వాతి తరగతుల భాగహారమంతా ఈ తీసివేత మీదే నిలుస్తుంది.

ఆ పాఠం అందనిది ఎవరికి? కర్నూలు పడమటి పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళతాయి. వారిలో అధికులు దళితులు, వెనుకబడిన కులాల వారు. వెంట వెళ్ళిన పిల్లలు తిరిగి వచ్చేసరికి పాఠ్యప్రణాళిక ముందుకు సాగిపోయి ఉంటుంది. ఉద్యోగస్తుల పిల్లలకు తప్పిన పాఠాన్ని ఇల్లో, ట్యూషనో పూరిస్తుంది. కూలీ బిడ్డకు బడి ఒక్కటే దిక్కు. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు సైతం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు నడిపే బడిలో పుల్లల కట్టలు విప్పించే తీరిక ఎవరికి?

ఇన్ని కారణాలు కళ్ళెదుట ఉండగా, ‘వీళ్ళకు లెక్కలు ఎక్కవు’ అనే తీర్పు మాత్రం ఉపాధ్యాయుల గదుల్లో సులువుగా వినిపిస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన అధ్యయనం ఈ తీర్పును పూర్వపక్షం చేసింది. ఆ పిల్లలు బేరంలో చిక్కు లెక్కలు నోటితోనే తేల్చారు. బడి తరహా లెక్కలు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బజారు ఎరుగని బడి పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. లోపం మెదడులో లేదు. బతుకు లెక్కకూ బడి లెక్కకూ మధ్య వంతెన కట్టని విద్యలో ఉంది.

అంకె ఎవరి చేతిలో ఉంటే అధికారం వారి చేతిలో ఉంటుందని మన చరిత్రే చెబుతుంది. తరతరాలుగా కొన్ని కుటుంబాలే నడిపిన కరణీకం 1984లో గానీ రద్దు కాలేదు. తెలంగాణలో నాగుకు తెచ్చుకున్న గింజలు ఎంతకు పెరిగాయో రాసింది అప్పిచ్చినవాడు. తీర్చింది లెక్క తెలియని రైతు, కూలీ. 1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన విజ్ఞాపనలో జోతిరావు ఫూలే ప్రాథమిక విద్యకు ప్రాధాన్యం కోరుతూ, పాఠ్యాంశాల్లో చదవడం, రాయడంతో పాటు లెక్కలను చేర్చింది ఊరికే కాదు. నేటికీ మిరప తూకం దగ్గర, ఉపాధి హామీ కొలతల దగ్గర, వడ్డీ కాగితం దగ్గర కూలీకి తీసివేత అవసరమే.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. గడువు 2026-27. ఆ లక్ష్యం నిజం కావాలంటే పిల్లలను క్యాలెండర్ ప్రకారం కాక, వారు ఆగిన మెట్టు నుంచి నడిపించాలి. వలస నుంచి వచ్చిన బిడ్డకు విడిచిన పాఠం తిరిగి చెప్పడం బడి బాధ్యతగా గుర్తించాలి. దళితవాడల బడుల్లో ఉపాధ్యాయ ఖాళీలను ముందుగా నింపాలి. తెలంగాణ 2024లో ఇంటింటి కులసర్వే జరిపింది. అదే స్ఫూర్తితో అర్ధ సంవత్సరం ముగిసేసరికి ఏ సామాజిక వర్గంలో ఎందరికి తీసివేత వచ్చిందో మండలాల వారీగా ప్రకటించాలి. రిజర్వేషన్ల శాతం మీద పోరాడే విద్యార్థి సంఘాలు రెండో తరగతి పలక మీది ఈ లెక్కనూ అడగాలి. ఉన్నత విద్యలో మన వాటా తగ్గడం మొదలయ్యేది ఆ పలక దగ్గరే.