ఔట్ పేషెంట్ మందుల పంపిణీ నమోదు

ఔట్ పేషెంట్ మందుల పంపిణీ నమోదు అనగా ఆసుపత్రిలో చేరకుండా, వైద్యునికి చూపించుకొని వెళ్ళే రోగులకు ఇచ్చిన మందుల వివరాలను డేటాబేసులో క్రమపద్ధతిలో భద్రపరచుట. ఏ రోగికి, ఏ మందు, ఏ తేదీన, ఎంత పరిమాణంలో, ఎన్ని రోజులకు సరిపడునట్లు ఇచ్చారు అనునవి ఇందులోని ముఖ్యాంశాలు. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, క్షయ వంటి వ్యాధులలో మందు మధ్యలో ఆగిపోవుట ప్రమాదకరము. మూర్ఛ మందు హఠాత్తుగా మానినచో ఫిట్స్ తిరిగి రావచ్చును. క్షయ మందులను సక్రమంగా వాడనిచో మందులకు లొంగని క్షయగా మారవచ్చును. రోగి వద్ద మందు ఎప్పుడు అయిపోయినదో ముందుగా తెలియజేయగలుగుట ఈ నమోదు యొక్క ప్రధాన ప్రయోజనం. స్టాకు లెక్కల కొరకు మాత్రమే వ్రాసిన నమోదు ఈ పనికి చాలదు.

చీటీ, పంపిణీ, వాడకం

మందుల విషయంలో మూడు వేర్వేరు సంఘటనలు ఉన్నాయి. మొదటిది వైద్యుడు చీటీ వ్రాయుట. రెండవది ఫార్మసిస్టు మందు ఇచ్చుట. మూడవది రోగి ఆ మందును వాడుట. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం కలిగినవే అయినా ఒకటి కావు. వైద్యుడు మూడు నెలలకు చీటీ వ్రాయవచ్చును, కాని ఆ రోజు ఫార్మసీలో ఒక నెలకు సరిపడు మాత్రలే ఉండవచ్చును. రోగి మాత్రలు తీసుకొని వెళ్ళి, పది రోజులు వాడి మానివేయవచ్చును.

ఈ మూడింటిని ఒకే వరుసలో వ్రాసినచో తరువాత వాటిని విడదీయుట కష్టం. అందువలన డేటాబేసులో వీటిని వేర్వేరు పట్టికలలో ఉంచి, చీటీ సంఖ్య ద్వారా కలుపుతారు. ఆసుపత్రుల మధ్య ఆరోగ్య సమాచారం పంచుకొనుటకు హెచ్.ఎల్.7 సంస్థ రూపొందించిన ఫైర్ అను ప్రమాణంలో కూడా ఈ విభజన ఉన్నది. అందులో చీటీకి మెడికేషన్ రిక్వెస్ట్ అని, పంపిణీకి మెడికేషన్ డిస్పెన్స్ అని, రోగి వాడుతున్నట్లు తెలిసిన మందుకు మెడికేషన్ స్టేట్‌మెంట్ అని వేర్వేరు రూపాలు గలవు. భారతదేశంలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ ప్రమాణాన్నే అనుసరిస్తున్నది.

పట్టిక నిర్మాణం

పంపిణీ పట్టికలో పాటించవలసిన మూల సూత్రం: ఒక రోగికి ఒక రోజున ఇచ్చిన ఒక మందుకు ఒక వరుస. ఒకే చీటీపై నాలుగు మందులు ఇచ్చినచో నాలుగు వరుసలు వ్రాయాలి. ప్రతి వరుసలో సాధారణంగా ఈ క్రింది వివరాలు ఉంటాయి.

- పంపిణీ సంఖ్య: మరొక వరుసకు రానిది
- రోగి గుర్తింపు సంఖ్య
- చీటీ సంఖ్య
- మందు కోడు, బలం, రూపం (మాత్ర, సిరప్, ఇంజెక్షన్ మొదలైనవి)
- మందు ఇచ్చిన తేదీ (చీటీ తేదీ కాదు)
- ఇచ్చిన పరిమాణం, దాని కొలత
- రోజుకు వాడవలసిన మోతాదు
- ఎన్ని రోజులకు సరిపోవును
- బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ
- ఇచ్చిన కేంద్రం

వీటిలో కొలతను విస్మరించుట సాధారణంగా జరిగే పొరపాటు. పరిమాణం "1" అని మాత్రమే వ్రాసినచో అది ఒక మాత్రయో, పది మాత్రల స్ట్రిప్పో, ఒక ఇన్సులిన్ సీసాయో తెలియదు. భారతదేశంలో ప్రభుత్వ ఆసుపత్రులలో సామాన్యంగా ఇచ్చే ఇన్సులిన్ సీసా 10 మిల్లీలీటర్లది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున అందులో 400 యూనిట్లు ఉంటాయి. రోజుకు 20 యూనిట్లు వాడే రోగికి అది 20 రోజులు వస్తుంది, 40 యూనిట్లు వాడే రోగికి 10 రోజులే వస్తుంది. సీసాలను మాత్రమే లెక్కించినచో ఇద్దరికీ సమానంగా మందు అందినట్లు కనిపించును.

తప్పుగా వ్రాసిన వరుసను చెరిపివేయరాదు. రద్దు అయినట్లు సూచించి, సరియైన వివరాలతో కొత్త వరుసను చేర్చాలి. రోగి తిరిగి ఇచ్చిన మందులను కూడా ప్రత్యేక వరుసగానే వ్రాస్తారు. అప్పుడే ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో తరువాత తెలుసుకొనుటకు వీలగును.

రోగి గుర్తింపు

ఒకే మనిషికి చెందిన వరుసలన్నీ ఒక చోటికి చేరనిచో మిగిలిన లెక్కలన్నీ తప్పుతాయి. పేరుపై ఆధారపడుట దీనికి సరిపోదు. నెల్లూరు జిల్లాలో పెంచలకోన నరసింహస్వామి పేరిట పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు సర్వసాధారణం. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు పెంచలయ్యలు ఉండుట వింత కాదు. ఆ పేరును ఆంగ్ల లిపిలో ఒకరు ఒక విధముగా, మరొకరు మరొక విధముగా వ్రాస్తారు. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట పేరు చివరన కనిపించును. వయస్సు కూడా పలుమార్లు ఉజ్జాయింపుగా చెప్పినదే అయి ఉండును.

ఈ కారణం చేత ప్రతి రోగికి ఒక శాశ్వత సంఖ్య అవసరం. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో పౌరులకు ఇచ్చే ఆభా సంఖ్య 14 అంకెలు గలది. వేర్వేరు ఆసుపత్రులలోని నమోదులను రోగి అనుమతితో కలుపుటకు ఇది ఉద్దేశించబడినది.

మందు పేరు, కోడు

భారతదేశంలో ఒకే మందు అనేక కంపెనీ పేర్లతో అమ్ముడగును. కంపెనీ పేరుతో మాత్రమే నమోదు చేసినచో ఒకే మందు వాడే రోగులు వేర్వేరు మందులు వాడుతున్నట్లు కనిపించును. కాబట్టి కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు, బలం, రూపం తెలిపే కోడు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుసరించే ఎ.టి.సి. వర్గీకరణలో ప్రతి మందుకు ఏడు స్థానాల కోడు ఉంటుంది. ఉదాహరణకు మెట్‌ఫార్మిన్ కోడు ఎ10బిఎ02, ఆమ్లోడిపిన్ కోడు సి08సిఎ01. ఈ కోడు ఐదు అంచెలుగా ఉండుట వలన మధుమేహం మందులన్నింటినీ ఒకేసారి వెతుకవచ్చును. అయితే ఇందులో బలం, రూపం ఉండవు గనుక వాటిని వేరుగా వ్రాయాలి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు అందులోని ఒక్కొక్క మందును విడిగా చూపే అనుబంధ పట్టిక అవసరం.

రోజుల లెక్క

కలిగిరి మండలంలోని ఒక గ్రామంలో నివసించే రక్తపోటు రోగిని ఉదాహరణగా ఊహించవచ్చును. ఆయనకు రోజుకు ఒకటి చొప్పున ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు జూన్ 1న 30, జూలై 12న 30, ఆగస్టు 9న 30 ఇచ్చారనుకుందాం.

మొదటి మాత్రలు జూన్ 30 వరకు సరిపోవును. జూలై 1 నుండి 11 వరకు ఆయన వద్ద మాత్రలు ఉండవు. రెండవసారి ఇచ్చినవి జూలై 12 నుండి ఆగస్టు 10 వరకు వచ్చును. మూడవసారి రెండు రోజులు ముందుగా తీసుకొన్నారు గనుక ఆ మాత్రలను ఆగస్టు 11 నుండి లెక్కించాలి. అవి సెప్టెంబరు 9 వరకు వచ్చును. మొత్తం 101 రోజులలో 90 రోజులకు మందు ఉన్నది, అనగా సుమారు 89 శాతం. ఈ కొలతను మందు ఉన్న రోజుల నిష్పత్తి అని చెప్పవచ్చును. సాధారణంగా 80 శాతం దాటినచో రోగి సక్రమంగా మందు వాడుతున్నట్లు పరిగణిస్తారు.

నిష్పత్తి బాగుగా ఉన్నప్పటికీ వరుసగా 11 రోజులు మాత్రలు లేని విషయం ఆ అంకెలో కనిపించదు. కావున నిష్పత్తితో పాటు అతి పొడవైన ఖాళీని కూడా చూడవలెను. పరిశోధకులు వాడే ఒమాప్ అను డేటాబేసు నమూనాలో పంపిణీలను కలిపి "డ్రగ్ ఎరా" అను నిరంతర కాలంగా మార్చుతారు. అందులో 30 రోజుల వరకు ఉన్న ఖాళీని సామాన్యంగా ఖాళీగా లెక్కించరు. పై రోగి విషయంలో ఆ 11 రోజులు అందులో కలిసిపోవును. సంవత్సరాల తరబడి వాడకాన్ని అధ్యయనం చేయుటకు ఈ పద్ధతి అనుకూలమే గాని, వచ్చే వారం ఎవరి ఇంటికి ఆశా కార్యకర్తను పంపవలెనో నిర్ణయించుటకు పనికిరాదు. అందుకే లెక్కించిన కాలాలను వేరే పట్టికలో ఉంచి, అసలు వరుసలను మార్చకుండా భద్రపరుస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో

ప్రభుత్వ ఆసుపత్రులకు మందులను ఆంధ్రప్రదేశ్ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ కొనుగోలు చేసి సరఫరా చేస్తున్నది. మందుల నిల్వల నిర్వహణకు సి-డాక్ రూపొందించిన ఈ-ఔషధి అను సాఫ్ట్‌వేరు వాడుకలో ఉన్నది. బ్యాచ్, గడువు, నిల్వ వంటి వివరాలు ఇటువంటి వ్యవస్థలకు కేంద్రం. గిడ్డంగి నుండి ఎన్ని మాత్రలు వెళ్ళినవి అను ప్రశ్నకు నిల్వల లెక్క సమాధానం ఇచ్చును. ఏ రోగికి మాత్రలు అయిపోయినవి అను ప్రశ్నకు రోగివారీ పంపిణీ నమోదే సమాధానం ఇవ్వగలదు.

2000 దశకం చివరలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 104 సంచార వైద్య వాహనాలు నిర్ణీత దినాన గ్రామాలకు వెళ్ళి రక్తపోటు, మధుమేహం రోగులకు నెలకు సరిపడు మందులు ఇచ్చేవి. 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమంలో వాహనంతో పాటు వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వెళ్ళునట్లు ఏర్పాటు చేశారు. వాహనం వచ్చు రోజుకు, ఇచ్చిన మాత్రల రోజులకు పొంతన ఉండుట ముఖ్యం. వాహనం 33 రోజులకు వచ్చి, మాత్రలు 30 రోజులకే ఇచ్చినచో ఊరిలోని రోగులందరికీ మూడు రోజులు మందు లేనట్లే. ఇది రోగుల అశ్రద్ధ కాదని తేదీలు గల నమోదు చూపగలదు.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ, 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినవి. కనుక ప్రతి నెలా వాడే మాత్రల వివరాలు చాలావరకు వాటి క్లెయిములలో ఉండవు.

ఇతర దేశాలలో

అమెరికాలో బీమా సంస్థలు మందులకు కూడా చెల్లించుట వలన ఫార్మసీ క్లెయిముల నుండి పంపిణీ వివరాలు లభిస్తాయి. స్వీడన్‌లో 2005 జూలై నుండి దేశవ్యాప్తంగా ఫార్మసీలలో చీటీపై ఇచ్చిన మందులు వ్యక్తి సంఖ్యతో నమోదు అవుతున్నాయి. కీళ్ళ నొప్పులకు వాడిన రోఫెకాక్సిబ్ అను మందును గుండెపోటు ప్రమాదం కారణంగా 2004 సెప్టెంబరు 30న మెర్క్ కంపెనీ ఉపసంహరించుకొన్నది. కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే సంస్థకు చెందిన సుమారు 14 లక్షల మంది సభ్యుల మందుల నమోదులను, ఆసుపత్రి నమోదులను కలిపి చేసిన అధ్యయనం కూడా ఆ ప్రమాదాన్ని చూపినది. ఇది 2005లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైనది.

పరిమితులు

నమోదు లేనంత మాత్రాన మందు లేదని చెప్పలేము. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలో చికిత్స పొందిన జబ్బులలో సుమారు 30 శాతం మాత్రమే ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స పొందినవి. పై ఉదాహరణలోని రోగి ఆ 11 రోజులు మందుల షాపులో మాత్రలు కొని ఉండవచ్చును, ఆర్.ఎం.పి. వద్ద తీసుకొని ఉండవచ్చును, లేదా కూలిపనులకు వేరే ఊరు వెళ్ళి అక్కడ తీసుకొని ఉండవచ్చును. 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్, క్షయ, మత్తు మందులకు మందుల షాపులు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేళ్ళు ఉంచాలి. రక్తపోటు, మధుమేహం మాత్రలకు ఈ రిజిస్టరు వర్తించదు. కాబట్టి నమోదులో కనిపించిన ఖాళీని తీర్పుగా గాక, రోగిని అడుగవలసిన ప్రశ్నగా తీసుకొనవలెను.

గోప్యత

మందు పేరు రోగం పేరును చెప్పును. మానసిక వ్యాధి, క్షయ, హెచ్.ఐ.వి. మందుల వరుస ఒక్కటి బయటపడినా చిన్న ఊరిలో ఆ కుటుంబం ఇబ్బందుల పాలగును. రోగి పేరును తొలగించుట మాత్రమే చాలదు. గ్రామం, వయస్సు, తేదీ కలిసి మనిషిని పట్టి ఇచ్చును. అందువలన పేరు, చిరునామా గల పట్టికను పంపిణీ పట్టిక నుండి వేరుచేసి, చికిత్సకు అవసరమైన వారికి మాత్రమే రెండింటినీ కలిపి చూచు అనుమతి ఇస్తారు. పరిశోధనకు ఇచ్చు ప్రతిలో గ్రామానికి బదులు జిల్లాను, పుట్టిన తేదీకి బదులు వయోవర్గాన్ని ఉంచుతారు. భారతదేశంలో వ్యక్తిగత సమాచార రక్షణ కొరకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేయబడినది.

ఇవి కూడా చూడండి

- ఆరోగ్యశ్రీ
- ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్
- ప్రాథమిక ఆరోగ్య కేంద్రం
- కలిగిరి మండలం