‘క్యారెట్’ అని తెలుగులో టైప్ చేయడం ఎందుకంత కష్టం?

మాది చేవెళ్ల దగ్గర ఒక పల్లె. నేను రోజూ మొయినాబాద్ మీదుగా గచ్చిబౌలికి ఆఫీస్‌కి పోతా. నాయిన క్యారెట్, టమాటా పండించి సిటీకి పంపిస్తాడు. ఏజెంట్‌కి ఎన్ని సంచులు పంపాడో వాయిస్ మెసేజ్‌లో చెప్తాడు. పోయిన సీజన్‌లో లెక్క తేడా వచ్చింది. ఏ రోజు ఎన్ని సంచులో తేల్చాలంటే పాత వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్కటీ వినాలి. ఇద్దరం కూర్చొని నలభై దాకా విన్నాం, కావాల్సింది మాత్రం దొరకలేదు. నాలుగు సంచుల పైసలు పోయినయి. అదే టెక్స్ట్ మెసేజ్ అయ్యుంటే సెర్చ్‌లో రెండు సెకన్ల పని.

“టైప్ చేయొచ్చు కదా నాయినా” అన్నా. ఆయన పదో తరగతి పాస్. పేపర్ మొత్తం చదువుతాడు, చేతిరాత నాకన్నా బాగుంటుంది. ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టి చేతికిచ్చా.

క నొక్కాడు. తర్వాత ఆగిపోయాడు. “గీ యవత్తు ఏడున్నదిరా? ఇండ్ల లేనే లేదు.”

నిజమే, ఆ కీబోర్డ్‌లో యవత్తు లేదు. ‘క్యా’ రావాలంటే క, తర్వాత పొల్లు, తర్వాత య, తర్వాత దీర్ఘం నొక్కాలి. ‘క్యారెట్’ మొత్తానికి ఎనిమిది కోడ్‌లు అవుతాయి: క, పొల్లు, య, దీర్ఘం, ర, ఎత్వం, ట, పొల్లు. నాయిన లెక్కలో ఈ మాటలో పొల్లు ఒక్కటే, చివర ట్ దగ్గర. ‘క్యా’లో పొల్లు ఉందని ఆయనకు ఏ పంతులూ చెప్పలేదు, ఎందుకంటే కాగితం మీద అది కనిపించదు.

మనుషులు కంప్యూటర్లను ఎలా వాడతారో చదివే పరిశోధనలో దీన్ని మెంటల్ మోడల్ తేడా అంటారు. వస్తువు ఎలా పని చేస్తుందో వాడేవాడి తలలో ఒక బొమ్మ ఉంటుంది, తయారు చేసినవాడి తలలో ఇంకోటి. డాన్ నార్మన్ 1988లో రాసిన పుస్తకంలో తలుపులు, కుళాయిలు, స్విచ్‌లు పట్టుకొని చెప్పింది ఇదే. మనం తలుపు నెట్టాల్సిన చోట లాగుతున్నామంటే తప్పు మనది కాదు, తలుపుది.

మరి ఈ పొల్లు పద్ధతి ఎవరు పెట్టారు? 1980ల్లో మన దేశంలో అన్ని లిపులకూ పనికొచ్చే ఒకే కీబోర్డ్ కావాలని ఇన్‌స్క్రిప్ట్ తయారు చేశారు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. హిందీలో క ఏ కీ మీద ఉంటే తెలుగులోనూ అదే కీ మీద. వత్తులు ఒక్కో లిపిలో ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి వాటికి విడిగా కీలు పెట్టలేదు. రెండు హల్లుల మధ్య పొల్లు పెడితే వత్తుగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌ది. 1991లో ఇస్కీ స్టాండర్డ్ ఇదే దారిలో వచ్చింది, యూనికోడ్ కూడా ఆ అమరికనే తీసుకుంది. ఇంజనీర్‌గా చూస్తే నాకు చాలా నచ్చిన డిజైన్ ఇది. కానీ స్టోరేజ్ కోసం బాగున్న లెక్కను తీసుకెళ్లి అలాగే యూజర్ ముందు పెట్టేశాం. (ఈ కలిపే పని సాఫ్ట్‌వేర్‌కీ అంత తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క ‘జ్ఞా’ మెసేజ్‌తో ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యాయి గుర్తుందా? ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు.)

రెండో ఇబ్బంది కీల సైజ్. 1954లో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్ట్ చేతి కదలికలను కొలిచి ఒక సూత్రం చెప్పాడు: టార్గెట్ ఎంత చిన్నగా, ఎంత దూరంగా ఉంటే దాన్ని అందుకోడానికి అంత ఎక్కువ టైం పడుతుంది. ఇంగ్లీష్‌లో 26 అక్షరాలు సర్దిన జాగాలోనే తెలుగులో అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ ఇరికించాలి. పొలం పని చేసిన బొటనవేలికి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాయిన ట కొడితే ఠ పడింది, మూడు సార్లు.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు ఐఐటీ బాంబే వాళ్ల స్వరచక్ర. హల్లులు బళ్లో నేర్చుకున్న వర్ణమాల వరుసలోనే ఉంటాయి. క మీద వేలు పెడితే చుట్టూ చక్రంలా క గుణింతం తెరుచుకుంటుంది, కావాల్సిన వైపు వేలు జరిపితే చాలు. ఫిట్స్ చెప్పిన దూరం దాదాపు సున్నా.

మనలాంటోళ్లం ఇంకో దారి పట్టాం: ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. దీని వెనక పాత కథే ఉంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదివిన తెలుగువాళ్లు తయారు చేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలోనే ఒకప్పుడు ఆన్‌లైన్ తెలుగు నడిచింది, లేఖిని లాంటి టూల్స్ కూడా ఆ బాటలోవే. ఇంగ్లీష్ స్పెల్లింగ్ అలవాటున్నోళ్లకు సూపర్. నాయినకు మాత్రం తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీష్ రావాలనడం లాంటిది.

మీ ఇంట్లో కూడా ఈ టెస్ట్ చేసి చూడండి. జాకబ్ నీల్సన్ లెక్క ప్రకారం ఐదుగురు యూజర్లతో టెస్ట్ చేస్తే ఒక డిజైన్‌లో 85 శాతం దాకా ఇబ్బందులు బయటపడతాయి. ఐదుగురూ మీ ఆఫీస్ ఫ్రెండ్సే అయితే మాత్రం లాభం లేదు. ఫోన్ చేతికిచ్చి ఒక పని చెప్పండి, మనసులో అనుకునేది పైకి అనమనండి, మీరు నోరు మూసుకోండి. ఇదే కష్టం. నేను రెండో నిమిషంలోనే “అది కాదు నాయినా, కింద” అనేశా. టెస్ట్ అక్కడే చెడిపోయింది, ఎందుకంటే రేపు ఆయన పొలం దగ్గర ఒక్కడే ఉన్నప్పుడు “కింద” అని చెప్పేవాడు ఉండడు.

చివరికి కుదిరింది హ్యాండ్‌రైటింగ్ మోడ్. వేలితో స్క్రీన్ మీద క రాసి, కింద యవత్తు పెట్టి, దీర్ఘం లాగాడు. ‘క్యా’ వచ్చింది. పొల్లు సంగతి ఫోన్ చూసుకుంది. స్లో అయితే స్లోనే, కానీ నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఏజెంట్‌కి ఒక లైన్ పోతుంది: క్యారెట్, ఎన్ని సంచులు, తారీఖు. ఆటోలో కూర్చొని రాస్తే మాత్రం మన రోడ్డు గుంతలకు ట కాస్తా ఇంకేదో అవుతుంది, అందుకే బండి ఎక్కకముందే రాసి పంపుతున్నాడు.