పొగాకు శాసనమునకు కన్నములు

గగన్‌పహాడ్‌లో బస్సులాగు చోట, పని ముగించుకొని నిలిచిన కూలి యొకడు బీడీ ముట్టించినచో, శాసనప్రకారము అతడు 200 రూపాయల వరకు జరిమానాకు పాత్రుడు. అదే దారిని మరికొంత ముందునకు సాగి శంషాబాదు విమానాశ్రయమున అడుగిడిన ప్రయాణికునకు మాత్రము అదే శాసనము ప్రత్యేకముగ ఒక పొగగదిని అనుమతించుచున్నది. 2003వ సంవత్సరపు పొగాకు ఉత్పత్తుల శాసనములోని 4వ సెక్షను బహిరంగస్థలములందు ధూమపానమును నిషేధించి, ఆ వెంటనే విమానాశ్రయములకును, 30 గదులు గల హోటళ్లకును, 30 మంది కూర్చుండ వీలున్న భోజనశాలలకును మినహాయింపు నొసగినది. బీదవానికి దండన, కలవానికి గది! దీనిని సమధర్మమని చెప్పుటకు మాకు నోరాడుట లేదు.

ఈ శాసనము అనాయాసముగ లభించినది కాదు. మురళీ దేవరాగారు తెచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు 2001 నవంబరులో బహిరంగస్థలములందు ధూమపానమును నిషేధించిరి. 2002లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము తన చట్టమును తాను చేసికొనెను. 2003లో కేంద్రశాసనమును, 2008 అక్టోబరు 2వ తేదీ నుండి కఠినతరములైన నియమములును వచ్చినవి. ఇంత జరిగియు పూడక మిగిలిన కన్నమే ఈ పొగగది. దానికి నలువైపుల గోడలును, తనంతట మూసికొను తలుపును, లోని గాలిని వెలికి పంపు యంత్రమును ఉండవలెనని నియమములు కోరుచున్నవి. కాని యంత్రము పొగను పలుచన చేయునే గాని హానిని తొలగింపజాలదు. ఆ గదిని ఊడ్చి తుడుచు పనివారి ఊపిరితిత్తులకు మినహాయింపు నిచ్చు సెక్షను ఏ శాసనమునను లేదు గదా!

ఈ కన్నమును పూడ్చుటకై కేంద్ర ఆరోగ్యశాఖవారు సవరణ ముసాయిదా నొకదానిని సిద్ధపరచి, 2021 జనవరిలో ప్రజాభిప్రాయమును కోరిరి. పొగగదులను ఎత్తివేయుట, కొనుగోలు వయస్సును 18 నుండి 21 ఏండ్లకు పెంచుట, విడి సిగరెట్ల అమ్మకమును మాన్పుట, జరిమానాను 2,000 రూపాయలు చేయుట అందలి ముఖ్యాంశములు. వెంటనే పరిశ్రమవర్గములును, రైతుల పేరను దుకాణదారుల పేరను మాట్లాడు సంఘములును ఎదురు నిలిచినవి. ఏండ్లు గడచినను ఆ ముసాయిదా శాసనము కాలేదు. శాసనమును రద్దుచేయుమని అడుగుట సాహసము. సవరణను సాగనీయకుండుట సుళువు. ఫలితము మాత్రము ఒక్కటే.

పరిశ్రమకు గల పలుకుబడి యెట్టిదో తెలియవలెనన్న 2015వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సిగరెట్టు పెట్టెపై 85 శాతము మేర హెచ్చరిక బొమ్మ ఉండవలెనని 2014 అక్టోబరులో వెలువడిన ఉత్తరువు మరుసటి ఏప్రిలు 1వ తేదీ నుండి అమలు కావలసియుండెను. దిలీప్ గాంధీగారి అధ్యక్షతనున్న పార్లమెంటు సంఘము దానిని నిలుపుమనెను. ఆ సంఘములో బీడీ పరిశ్రమాధిపతి యొకరు సభ్యులుగ నుండిరి! ఉత్తరువు ఏడాది ఆలస్యముగ 2016 ఏప్రిలులో అమలయ్యెను. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేయగా, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. హెచ్చరికను చూచి సిగరెట్టు మానవలెనని తలచినవారు 2009–10 జాతీయ సర్వేలో నూటికి 38 మంది. 2016–17 సర్వేలో నూటికి 62 మంది. పరిశ్రమవారు ఆ బొమ్మకు ఏల అంత జంకిరో ఈ అంకెలే చెప్పుచున్నవి.

రైతు పేరు చెప్పుటయే వారి చేతిలోని పెద్ద ఆయుధము. మా పాఠకులలో పొగాకు పండించువారును కలరు. వారి కష్టము మేమెరుగనిది కాదు. ప్రకాశము, నెల్లూరు, గోదావరి ప్రాంతములలో వేలాది కుటుంబములకు వర్జీనియా పొగాకే ఆధారము. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో బీడీలు చుట్టి ఇల్లు నడుపుకొను స్త్రీలెందరో కలరు. వీరి భయము అబద్ధము కాదు. కాని ఆపదవేళ వీరికి అండ నిలిచినదెవరు? 2025లో బాపట్ల, ప్రకాశము జిల్లాలలో నల్లబర్లీ పొగాకు కొనువారు లేక రైతుల యిండ్లలో పేరుకొనిపోగా, కంపెనీలు వెనుదీసినవి. తుదకు రాష్ట్రప్రభుత్వమే మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చెను. మన పొగాకులో గణనీయభాగము విదేశములకు పోవుచున్నది. శంషాబాదులో పొగగది తలుపు మూసినంతమాత్రమున కొండపి వేలముపాటలో బేలు ధర పడిపోవునా? రైతు కోరవలసినది పొగగది కాదు. నమ్మదగిన ప్రత్యామ్నాయపు పంట, దానికి నీరు, దానికి ధర.

చేసిన శాసనము నిలిచియుండునను ధీమాయు తగదు. న్యూజిలాండు పార్లమెంటు 2009లోను, ఆ తరువాతను పుట్టినవారికి ఎన్నటికిని సిగరెట్లు అమ్మరాదని 2022 డిసెంబరులో శాసించెను. ప్రభుత్వము మారినది, పన్నులు తగ్గించుటకు పొగాకు రాబడి కావలెననిరి, 2024 ఫిబ్రవరిలో ఆ శాసనము అమలునకు రాకమునుపే రద్దయ్యెను. మన దేశమునను ఇట్టి లోభమునకు చోటున్నది. ప్రజల ప్రాణములకు బీమా చేయు ప్రభుత్వసంస్థయే దేశములోని పెద్ద సిగరెట్టు కంపెనీలో పెద్ద వాటాదారు! శాసించు చేయియే లాభము పంచుకొనుచున్నపుడు శాసనము వాడిగ నుండునని ఎట్లు నమ్ముదుము?

2004లో మన దేశము అంగీకరించిన అంతర్జాతీయ పొగాకు ఒడంబడికలోని 5వ అధికరణము, ఆరోగ్యవిధానములను పరిశ్రమ ప్రయోజనముల నుండి కాపాడవలెనని స్పష్టముగ చెప్పుచున్నది. కావున ముసాయిదాపై వచ్చిన అర్జీలన్నింటిని, ఆ అర్జీదారులకు పొగాకు వ్యాపారముతో గల సంబంధమును ప్రభుత్వమువారు బహిరంగపరచవలెను. పొగగదుల మినహాయింపును తొలగించు సవరణను పార్లమెంటు ముందుంచవలెను. పొగాకు రైతునకును బీడీ కార్మికురాలికిని వేరు జీవనోపాధి చూపు బాధ్యతను దానితోపాటే వహింపవలెను. గగన్‌పహాడ్ కూలికిని, శంషాబాదు ప్రయాణికునకును ఒక్కటే శాసనము వర్తించు దినము త్వరలో వచ్చుగాక!